వెటకారమా, నిబ్బరమా: రాజకీయ డాక్యుమెంటరీకి ఏ గొంతు మేలు?

కనిగిరి ప్రాంతంలోని ఫ్లోరైడ్ నీళ్ల మీద మేము నలుగురు మిత్రులం కలిసి తీసిన ఇరవై నిమిషాల డాక్యుమెంటరీకి రెండు వ్యాఖ్యానాలు రాసుకున్నాము. దృశ్యాలు రెండింటిలోనూ అవే. తలుపు ఊడిపోయిన నీటిశుద్ధి కేంద్రాన్నీ, దాని ముందున్న శిలాఫలకాన్నీ చూపేటప్పుడు, మొదటి దానిలో "ఇంతటి మహోపకారం చేసిన మన నాయకుల ఋణం ఎన్ని జన్మలెత్తితే తీరుతుంది" అని నేను సాగదీసి చదివాను. రెండవ దానిలో ఫలకం మీది తేదీ, యంత్రం ఆగిపోయిన నెల, లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న పరిమితి, ఇవి మాత్రమే చెప్పాను.

మొదటిది ఒక ఊరిలో రామాలయం ముందు తెర కట్టి చూపినప్పుడు కుర్రవాళ్లు ఈలలు వేశారు. వెనుక కూర్చున్న పెద్దలు కొందరు మాత్రం అసలు నీటి సంగతి రాకముందే కండువాలు దులుపుకుని వెళ్లిపోయారు. ఆ ఫలకం వేసిన నాయకుడిని గెలిపించినది తామే కాబట్టి ఆయన మీద విసిరిన ఎత్తిపొడుపు తమకే తగిలిందని వారు అనుకోవడంలో తప్పులేదు. మరుసటి వారం పక్క ఊరిలో రెండవది చూపాము. ఫ్లోరైడ్‌తో బిగుసుకుపోయి వంగని మోకాళ్లతో ఒక ముసలమ్మ ద్వారబంధం పట్టుకుని లేచి నిలబడే దృశ్యం దగ్గర ఎవరూ మాట్లాడలేదు. అయిపోయిన తరువాత ఒక పెద్దాయన నా దగ్గరకు వచ్చి, "ఆ రాయి వేసిన రోజు దండ తెచ్చింది నేనే, అబ్బయా. మిషను ఆగిపోయిందని ఆయనకు చెప్పాల్సింది కూడా నేనే" అన్నారు. ఊళ్లు వేరు, మనుషులు వేరు కాబట్టి దీనిని రుజువు అనను. కానీ ఆ మాట వెటకారం విన్నవారి నోట వచ్చేది కాదని నా నమ్మకం.

వ్యంగ్యానికి మరో చిక్కు ఉంది. సంప్రదాయవాద రాజకీయ వ్యాఖ్యాతలను అనుకరిస్తూ ఎగతాళి చేసిన హాస్యనటుడు స్టీఫెన్ కోల్బర్ట్ టీవీ కార్యక్రమం మీద అమెరికాలో 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఆయన హాస్యమాడుతున్నట్లు నటిస్తున్నాడే తప్ప అనే మాటలు మనస్ఫూర్తిగానే అంటున్నాడని సంప్రదాయవాద ప్రేక్షకులు ఎక్కువగా భావించినట్లు తేలింది. మాటకు వ్యతిరేకార్థం తీసుకోవాలా వద్దా అన్నది వినేవాడి చేతిలో ఉన్నంతకాలం, అతడు తనకు అనుకూలమైన అర్థమే తీసుకుంటాడు.

అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్‌నూ, ఆయన ఇరాక్ యుద్ధాన్నీ ఎగతాళి చేస్తూ మైకేల్ మూర్ 2004లో తీసిన ఫారెన్‌హీట్ 9/11 డాక్యుమెంటరీ వెటకారానికి పెద్ద ఉదాహరణ. అది కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ డోర్ గెలుచుకుని, అమెరికాలోనే పది కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. ఆ నవంబరులో బుష్ మళ్లీ గెలిచారు. ఎన్నికకు కారణాలు వందుంటాయి కనుక ఆ గెలుపును సినిమా వైఫల్యంగా లెక్కించడం న్యాయం కాదు. అయితే ఇరాక్‌లో కొడుకును పోగొట్టుకున్న తల్లి మాట్లాడే చోట మూర్ కూడా వెటకారాన్ని పక్కన పెట్టారు, ఆ చిత్రంలో మనసును పట్టుకునేది ఆ భాగమే.

దీని పక్కన ఎరల్ మోరిస్ 2003 నాటి ది ఫాగ్ ఆఫ్ వార్‌ను పెట్టి చూడాలి. వియత్నాం యుద్ధకాలపు అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారాను మోరిస్ ఎక్కడా దెప్పలేదు, అడిగి ఊరుకున్నారు. అంతకుముందు రెండవ ప్రపంచ యుద్ధంలో టోక్యో మీద ఒక్క రాత్రి జరిపిన బాంబుదాడిలో దాదాపు లక్ష మంది పౌరులు చనిపోయారనీ, ఆ యుద్ధంలో ఓడి ఉంటే తమను యుద్ధనేరస్థులుగా విచారించేవారనీ ఆయనే చెబుతారు. ఏ వ్యాఖ్యాత ఎంత ఘాటుగా అన్నా ఆ మాటకు అంత బరువు రాదు.

వెటకారానికి చోటే లేదని నేను అనను. ఇప్పటికే మన వైపున్నవారు అలసిపోయినప్పుడు అది ఊపునిస్తుంది, కుర్రవాళ్లను తెర ముందు కూర్చోబెడుతుంది. మూర్ 1989 నాటి చిత్రం రోజర్ అండ్ మీలో కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ అధిపతి క్రిస్మస్ సందేశాన్నీ, అదే పండుగ వేళ ఆ కంపెనీ కర్మాగారాలు మూసేసిన ఫ్లింట్ నగరంలో ఇల్లు ఖాళీ చేయిస్తున్న కుటుంబాన్నీ మార్చి మార్చి చూపడం వ్యంగ్యమే, కానీ అక్కడ పలికేది దృశ్యం. ఆ చిత్రంలోనే సంఘటనల వరుస మార్చారన్న విమర్శ రావడం మాకు హెచ్చరిక: ఒక్క తేదీ తప్పినా ఎదుటివాడు మొత్తాన్నీ కొట్టిపారేస్తాడు.

మేము రెండవ వ్యాఖ్యానాన్నే ఉంచుకున్నాము. శిలాఫలకం దగ్గర నేను సాగదీసి చదివిన వాక్యాన్ని తీసేసి, ఆ ఎనిమిది క్షణాలూ పక్కనే ఎవరో కొడుతున్న బోరింగు కిర్రుమనే చప్పుడును వదిలిపెట్టాము.