పిక్టన్ నుంచి క్రైస్ట్‌చర్చ్ దాకా: వ్యాన్‌లో నాలుగు రాత్రులు

వెల్లింగ్టన్‌లో ఫెర్రీ ఎక్కితే న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలోని పిక్టన్‌కి మూడున్నర గంటలు. ఆఖరి గంట మార్ల్‌బరో సౌండ్స్ అనే సముద్రపు పాయల్లో, కొండల మధ్యగా ఓడ మెల్లగా వెళ్తుంది. అందరూ డెక్ మీదికి వెళ్లారు. నేను మాత్రం లోపల కూర్చుని రసీదు చూసుకుంటున్నాను. మేం అద్దెకు తీసుకున్న పడకల వ్యాన్ పొడవును బట్టి టికెట్ అని తెలుసు కానీ, వెనక తగిలించిన సైకిల్ స్టాండ్ కూడా పొడవులోకే వస్తుందని తెలియక తేడా డబ్బు కట్టాల్సి వచ్చింది. బుక్ చేసేటప్పుడు టేపు పెట్టి కొలుచుకోండి.

ఇంకో లెక్క కూడా తప్పాం. బంకులో పెట్రోల్ కంటే డీజిల్ బాగా చవకగా కనిపిస్తే సంబరపడ్డాం. ఇక్కడ డీజిల్ బండికి రోడ్డు పన్ను బంకు ధరలో ఉండదు, తిరిగిన కిలోమీటర్లను బట్టి విడిగా కట్టాలి. బండి అప్పగించే రోజున అద్దె కంపెనీ ఆ బిల్లు చేతిలో పెట్టింది. వ్యాన్ అద్దె, ఇంధనం, ఈ పన్ను, రాత్రి స్థలం అద్దె అన్నీ కలిపితే మామూలు కారూ మోటెల్ గదీ కంటే ఏమీ మిగలలేదు. డబ్బు ఆదా అవుతుందని మాత్రం వ్యాన్ తీసుకోకండి.

మేం ముగ్గురం: నేను, మా ఆవిడ, మా బావమరిది. వ్యాన్‌లో టాయిలెట్ ఉంది. దాని కింద ఉండే క్యాసెట్‌ని, అంటే మురుగు చేరే పెట్టెని, డంప్ స్టేషన్‌కి మోసుకెళ్లి ఖాళీ చేసే పని ఎవరిదన్నది చీటీలు వేసి తేల్చాలని మొదటిరోజే ఒప్పందం. మొదటి చీటీ నా పేరే.

బ్లెనిమ్ పిక్టన్‌కి అరగంట దూరం. ఆ చుట్టుపక్కల వైరావ్ లోయంతా ద్రాక్షతోటలే. ఇప్పుడున్న తోటల కథ 1973లో మొదలైంది. నేడు దేశంలో తయారయ్యే వైన్‌లో సుమారు ముప్పాతిక భాగం ఈ మార్ల్‌బరో ప్రాంతానిదే, అందులోనూ ఎక్కువ సోవినియాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే అప్పుడే కోసిన పచ్చి క్యాప్సికం వాసన, వెనకే ప్యాషన్ ఫ్రూట్. ఆ రాత్రి ఒక సీసా తెచ్చుకుని, కార్క్ తీసేదాని కోసం వ్యాన్‌లో సొరుగులన్నీ వెతికాం. తీరా చూస్తే సీసాకి ఉన్నది తిప్పే మూత! ఇక్కడ దాదాపు అన్నిటికీ అవేనట.

అసలు చిక్కు, వ్యాన్ నడిపేవాడు తాగకూడదు. పెద్దవాళ్లకి పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్. ప్రతి తోటలోనూ "బావా, నువ్వు వాసన చూడు చాలు" అని బావమరిది ఓదార్పు. మర్నాడు తెలివి తెచ్చుకుని వ్యాన్‌ని రాత్రి ఆపుకున్న హాలిడే పార్కులోనే (వ్యాన్లకి స్థలం అద్దెకిచ్చే చోటు) వదిలి, రెన్విక్ వైపు సైకిళ్ల మీద వెళ్లాం. నేల చదును, తోటలు పక్కపక్కనే. ఒకటి పేరున్న పెద్ద చోటు: బస్సుల్లో వచ్చే జనం, కౌంటర్ దగ్గర తొందర, టేస్టింగ్‌కి డబ్బు. ఇంకోటి రేకుల షెడ్డు. వైన్ పోసినాయనే తోట పనీ చూస్తాడట. మంచు పడే రాత్రుల్లో తోట మధ్యలో పెద్ద ఫ్యాన్లు తిప్పి, పైనున్న వెచ్చటి గాలిని కిందికి ఎలా దింపుతారో చేతులు తిప్పుతూ చెప్పాడు. సీసా కొన్నామని టేస్టింగ్ డబ్బు తీసుకోలేదు. వైన్ కోసమైతే ఒక రాత్రి చాలు.

మిగతా రాత్రులు సముద్రానికి ఇవ్వండి. గ్రాస్‌మియర్ ఉప్పు మడుల్లో నీళ్లు గులాబి రంగులో ఉన్నాయి. దాని పక్కనే మార్ఫెల్స్ బీచ్, ప్రభుత్వ సంరక్షణ శాఖ క్యాంపు. కరెంటు లేదు, వెనక తలుపు తీస్తే ఎదురుగా సముద్రం. పొద్దున కిటికీకి పట్టిన ఆవిరి తుడిస్తే, నాచు గుట్ట మీద ఒక పక్షి తల వంచి మా బండినే చూస్తోంది. పెట్టిన డబ్బంతా ఆ పొద్దుటికే చెల్లింది.

అక్కడి నుంచి దక్షిణాన కైకౌరా ఊరి దాకా రోడ్డు, రైలు పట్టాలు, సముద్రం ఒకదాన్నొకటి ఒరుసుకుని నడుస్తాయి. 2016 నవంబర్‌లో 7.8 తీవ్రతతో భూకంపం వచ్చి కొండచరియలు పడితే, ఈ రోడ్డు మళ్లీ తెరవడానికి 2017 డిసెంబర్ దాకా పట్టింది. తీరం వెంట సముద్రగర్భం పైకి లేచింది, తెల్లగా మారిన ఆ రాళ్లు ఇంకా కనిపిస్తాయి. ఓహావ్ పాయింట్ దగ్గర సీల్ జంతువులు కనిపించేలోపే వాసన వస్తుంది, చేపల మార్కెట్ మూసేశాక వచ్చే వాసన. ఒక మాట: ఉత్తరం నుంచి దక్షిణానికే రండి. ఇక్కడ బళ్లు ఎడమవైపే నడుస్తాయి కాబట్టి సముద్రం మీ పక్కనే ఉంటుంది, ఆపాలంటే ఎదురొచ్చే బళ్లకి అడ్డం తిరగక్కర్లేదు.

కైకౌరాలో రెండు రాత్రులు. తీరానికి దగ్గర్లోనే సముద్రం అడుగున లోతైన అగాధం ఉండటంతో స్పెర్మ్ తిమింగలాలు ఏడాది పొడుగునా తిరుగుతాయి. మేం వెళ్లాల్సిన పడవ అలల వల్ల రద్దయింది, డబ్బు పూర్తిగా తిరిగిచ్చారు. వీలుంటే మొదటిరోజుకే బుక్ చేయండి, రద్దయినా మర్నాడు ఉంటుంది. మేం ఆఖరిరోజుకి చేశాం! మొదటి రాత్రి ఉన్న హాలిడే పార్కులో వేడినీళ్లు బాగున్నాయి గానీ, వ్యాన్లు ఎంత దగ్గరంటే పక్కవాళ్ల గురక లెక్కపెట్టొచ్చు. రెండో రాత్రి ఊరి బయట తీరం క్యాంపు నయం. ఎక్కడ పడితే అక్కడ ఆపితే మాత్రం 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా పడొచ్చు. ఉచితంగా ఆగే చోట్ల సైతం చాలావాటికి, బిగించిన టాయిలెట్ ఉన్నట్టు ధ్రువీకరించిన బండే కావాలి.

క్రైస్ట్‌చర్చ్ దారిలోని వైపరా ద్రాక్షతోటల్లో మధ్యాహ్న భోజనానికి మాత్రం ఆగాం. అక్కడి రీస్లింగ్ అనే తెల్ల వైన్ మా ఆవిడకి మార్ల్‌బరో వైన్ కంటే నచ్చింది. నేను వాసన చూశాను.

క్రైస్ట్‌చర్చ్‌లో బండి అప్పగించే ముందు క్యాసెట్ ఖాళీ చేయాలి, లేకపోతే శుభ్రం చేసినందుకు విడిగా ఛార్జీ. నాలుగోసారి కూడా చీటీ నాదే. పని ముగించి వచ్చి సొరుగులు ఖాళీ చేస్తుంటే చీటీల కవరు దొరికింది. విప్పి చూశాను. మూడు చీటీల మీదా నా పేరే, బావమరిది చేతిరాతలో.