చార్మినార్ దగ్గరి పాత ఇల్లు: మరమ్మతు చేయించడమా, పడగొట్టి కట్టుకోవడమా?

చార్మినార్, గోల్కొండ చుట్టుపక్కల పాత ఇల్లున్నవాళ్లు మేస్త్రీతో బేరం మొదలుపెట్టే ముందే దూరం కొలిపించుకోవాలి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం హద్దు నుంచి 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కొలత మినారు మొదలు నుంచో, గోల్కొండ కోటలోని బాలాహిసార్ మెట్ల నుంచో కాదు. రక్షిత హద్దు ఎక్కడుంటే అక్కడి నుంచి.

లాడ్ బజార్ మొదట్లో ఉన్నట్టు 100 మీటర్లలోపే ఉంటే ఇక పోల్చుకునేదేమీ లేదు, మరమ్మతు ఒక్కటే దారి. "ఉన్నంత మేరకే మళ్లీ కడతాం, ఎత్తు కూడా పెంచం" అంటూ పడగొట్టేవాళ్లు నిండా మునుగుతారు. 2010లో సవరించిన ప్రాచీన కట్టడాల రక్షణ చట్టం ప్రకారం పాత కొలతలతోనే తిరిగి లేపినా అది పునర్నిర్మాణం. మరమ్మతు కిందికి రాదు. నిషిద్ధ ప్రాంతంలో దానికి అనుమతి లేదు. ఇల్లూ పోతుంది, కట్టుకునే హక్కూ పోతుంది. కాదని కడితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

మరమ్మతుకైనా అనుమతి కాగితం కావాలి. ఇల్లు 1992 జూన్ 16కు ముందు నుంచే ఉందని చూపాలి. పాత ఆస్తిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు, రిజిస్ట్రేషన్ పత్రాలు వెతికి పెట్టుకోండి. 1912-15లో లియోనార్డ్ మన్ చేసిన హైదరాబాద్ నగర సర్వే పటాల్లో మీ ఇంటి ఆకారం కనిపిస్తే అదీ జతచేయండి. ప్రతి గది ఫొటో, ఇప్పుడున్న ఎత్తు, విస్తీర్ణం పని మొదలుకాకముందే నమోదు కావాలి. లేకపోతే పెంచలేదని రేపు నిరూపించుకోలేరు.

100 నుంచి 300 మీటర్ల మధ్య ఉన్నవాళ్లకు రెండు దారులూ ఉన్నాయి. దరఖాస్తు సమర్థ అధికారికి, అంటే ఈ చట్టం కింద అనుమతులిచ్చే అధికారికి పెట్టాలి. ఆయన 15 రోజుల్లో నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీ అనే కేంద్ర సంస్థకు పంపాలి, అథారిటీ రెండు నెలల్లో సిఫార్సు చెప్పాలి, ఆపై నెలలో ఉత్తర్వు. అంటే అన్నీ సజావుగా సాగితేనే మూడున్నర నెలలు. ఈలోగా మున్సిపల్ ఆన్‌లైన్‌లో స్వీయ ధ్రువీకరణతో అనుమతి చేతికి రావచ్చు. దాన్ని చూసుకుని పునాది తవ్వకండి, సమర్థ అధికారి ఇచ్చే ఎన్‌ఓసీకి (నిరభ్యంతర పత్రానికి) అది బదులు కాదు.

ఇక్కడ మా మొగ్గు మరమ్మతు వైపే, గోడలు నిలువుగా ఉన్నంతవరకు. తూకపు గుండు వేలాడదీసి చూడండి, గోడ మధ్యలో ఉబ్బిందా, పగుళ్లు కింది నుంచి పైదాకా ఒకే గీతగా ఉన్నాయా గమనించండి. టేకు దూలాల కొనలు గోడలో దిగిన చోట చీలతో గుచ్చండి. మెత్తగా దిగితే అది పుచ్చింది. దూలం మార్చడం మరమ్మతే. గోడలే పక్కకు ఒరిగి పునాది కుంగితే మాత్రం ఈ ప్రాంతంలో కొత్తగా కట్టుకోవడమే నయం.

మరమ్మతు చెడేది ఎక్కువగా సిమెంటు వల్ల. రాయి, డంగు సున్నంతో కట్టిన గోడ తేమను పీల్చి వదులుతుంది. పైన సిమెంటు పూస్తే తేమ లోపలే ఉండి ఉప్పు పేరుకుంటుంది, పూత పెచ్చులుగా లేస్తుంది, దూలాల కొనలు కుళ్లుతాయి. సున్నం పనికి కూలీ ఎక్కువ, ఓపికా ఎక్కువ. సున్నాన్ని కనీసం మూడు నాలుగు వారాలు నీళ్లలో నాననివ్వాలి. తొందరపడితే నానని రవ్వలు పూతలో పొంగి గుంటలు పడతాయి. ఒక పాలు సున్నానికి రెండున్నర, మూడు పాళ్లు ఇసుక. అందులో కొంత ఇటుకపొడి కలిపితే గట్టిపడుతుంది. పలచగా పొరలుగా పూసి, తడి గోనెలు కప్పి రెండు వారాలు ఆరనివ్వకూడదు. ఎండాకాలం ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది.

300 మీటర్లు దాటితే ఈ చట్టం వర్తించదు. అక్కడ కూడా వారసత్వ కట్టడాల జాబితాలో ఇల్లుందేమో చూసుకోవాలి. ఆ కట్టడాలను కాపాడుతూ వచ్చిన హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) నిబంధన 13ను 2015లో తీసేశారు, 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఆ తర్వాత కూడా, వారసత్వ భవనమైన ఎర్రమంజిల్‌ను కూల్చాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. కాబట్టి పాత నిబంధన పోయిందని ఎవరైనా ధీమా ఇస్తే, ఆ మాట రాసివ్వమనండి.