అంబాసిడర్ ముందు చక్రాల అలైన్‌మెంట్: దారమా, టేపా, కంప్యూటరా – ఏది మేలు?

అంబాసిడర్ ముందు భాగంలో మనం సరిచేయగలిగినవి రెండే: టార్షన్ బార్‌తో (మెలి తిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీ) బండి ఎత్తు, టై రాడ్‌లతో (స్టీరింగ్‌ని చక్రాలకు కలిపే కడ్డీలు) టో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు ముందువైపు లోపలికో బయటికో తిరిగి ఉండే తీరు. క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం నిలువు వాలు), క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే చక్రం తిరిగే ఆధారం వాలు) మార్చుకునే ఏర్పాటే లేదు. అవి తేడా వచ్చాయంటే బుష్ అరిగిందనో, లింక్ వంగిందనో అర్థం. అందుకే ఈ బండికి దారం పద్ధతే మేలంటాం. టేపు చాలే సందర్భాలున్నాయి, కంప్యూటర్ తప్పనివీ ఉన్నాయి.

ఏ పద్ధతికైనా ముందు చూసుకోవాల్సినవి ఉన్నాయి. చక్రాన్ని పైకెత్తి పైనా కిందా పట్టుకుని ఊపండి, తర్వాత అటూ ఇటూ ఊపండి. కింగ్‌పిన్‌లో (ముందు చక్రం అటూ ఇటూ తిరగడానికి ఆధారమైన పిన్ను), వీల్ బేరింగ్‌లో, టై రాడ్ ఎండ్‌లో ఆట (వదులు) ఉంటే ఆ రోజు కొలవడం దండగ. టైర్లలో గాలి సమానంగా ఉండాలి. ఒకపక్క బండి కుంగి ఉంటే ముందు ఎత్తు సరిచేయించాలి, ఎందుకంటే ఎత్తు మారితే టో, క్యాంబర్ రెండూ మారతాయి. టార్షన్ బార్‌లో బిగువు చాలా ఉంటుంది, కాబట్టి అది తెలిసిన మెకానిక్ చేతికే వదలండి.

దారం పద్ధతికి 2 మీటర్ల జీఐ పైపులు రెండు, మేస్త్రీల నైలాన్ దారం, స్టీలు స్కేలు చాలు. పైపుల మీద 1.9 మీటర్ల దూరంలో గాట్లు పెట్టండి. రెండు పైపులకూ ఆ దూరం ఒకటే కావాలి, అప్పుడే దారాలు సమాంతరంగా ఉంటాయి. పైపుల్ని బండి ముందు ఒకటి, వెనక ఒకటి హబ్ ఎత్తులో నిలిపి, దారాలు బిగించి, ఎడమ కుడి హబ్‌ల నుంచి దారానికి దూరం సమానమయ్యేదాకా పక్కకు జరపాలి. ముందు, వెనక ఇరుసుల కొలతలు ఒకదానికొకటి కలవకపోతే కంగారు పడొద్దు, వాటి ట్రాక్ (ఎడమ కుడి చక్రాల మధ్య దూరం) ఒకటి కాదు. ఆపైన రిమ్ ముందంచు నుంచి, వెనకంచు నుంచి దారానికి దూరం కొలవండి. ముందంచు దగ్గర దూరం ఎక్కువైతే టో-ఇన్, అంటే చక్రాలు ముందువైపు లోపలికి తిరిగి ఉన్నట్టు. రెండు చక్రాల తేడాలు కలిపితే మొత్తం టో. ఆ కాలపు బండ్లకు మామూలుగా 0 నుంచి 3 మి.మీ. దాకా ఉంటుంది, కచ్చితమైన అంకె మాన్యువల్‌లో చూడండి. 15 అంగుళాల రిమ్ మీద 1 మి.మీ. అంటే దాదాపు 0.15 డిగ్రీ.

మైపాడు, కొత్తపట్నం వైపు మధ్యాహ్నం గాలికి దారం ఊగుతుంది, తెల్లవారుజామునే పని ముగించుకోండి. ఉప్పుగాలికి టై రాడ్ మరలు తుప్పు పట్టి ఉంటాయి, ముందు రోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచాలి. నేల మట్టం లెవెల్ పైపుతో చూసుకోండి. ముందు టైర్ల కింద చీమకుర్తి గ్రానైట్ కట్‌పీసులు రెండేసి, పాలిష్ ముఖాలు ఎదురెదురుగా, మధ్యలో గ్రీజు పెట్టి వేస్తే చక్రం బిగుసుకోకుండా తిరుగుతుంది. ఎగుడుదిగుడు నేల మీద రాయి పగులుతుంది, కింద సమంగా ఆనాలి. రెండు 2 సెం.మీ. రాళ్లు పెడితే వెనక చక్రాల కిందా 4 సెం.మీ. ఎత్తు పెట్టాలి.

టేపు పద్ధతిలో చక్రాన్ని ఎత్తి తిప్పుతూ టైరు మధ్యలో మేకుతో గీత పెట్టి, దించి, బండిని రెండు మూడు మీటర్లు ముందుకే తోసి ఆపి, గీతల మధ్య దూరం ముందూ వెనకా కొలుస్తారు. ఇద్దరుంటే పావుగంట పని, టై రాడ్ ఎండ్ మార్చాక తాత్కాలికంగా ఇది చాలు. వెనక్కి తోసి కొలిస్తే మాత్రం కీళ్లలో ఆట తిరగబడి కొలత తప్పుతుంది. దీని లోపం ఏమిటంటే మొత్తం టో తప్ప ఇంకేమీ చెప్పదు. వెనక స్ప్రింగు పట్టీల యూ-బోల్టు వదులై వెనక ఇరుసు జరిగి ఉంటే టేపుకి కనపడదు, దారానికి కనపడుతుంది.

నెల్లూరు, ఒంగోలులో కంప్యూటర్ అలైన్‌మెంట్ చేసే షాపులకు కొదవ లేదు. క్యాంబర్, క్యాస్టర్, వెనక ఇరుసు దిశ అన్నీ తెర మీదే చూపిస్తాయి. బండి గుద్దుకున్నాక, కింగ్‌పిన్‌లు మార్చాక ఒకసారి అక్కడ చూపించడం మంచిదే. మిషన్ జాబితాలో మీ మోడల్ లేకపోతే దగ్గరి బండి కొలతలతో కానిచ్చేస్తారు, అందుకని మాన్యువల్ అంకెలు రాసుకెళ్లండి. క్యాంబర్ ఒక్కటే అనుమానమైతే ఇంట్లో తూకపు గుండు చాలు: రిమ్ పై అంచుకు, కింది అంచుకు గుండు దారం నుంచి ఉన్న దూరాల తేడా దాదాపు 7 మి.మీ. అయితే 1 డిగ్రీ.

టో సరిచేయడానికి టై రాడ్ తిప్పేటప్పుడు పావు చుట్టుకే దాదాపు మిల్లీమీటరు మారుతుంది, తొందరపడొద్దు. రెండు వైపులా సమానంగా తిప్పండి. స్టీరింగ్ వంకరగా ఉంటే స్టీరింగ్ చక్రం ఊడదీయకుండా ఒక టై రాడ్ పొడిగించి రెండోది అంతే తగ్గించాలి. రాక్ బూట్ (స్టీరింగ్ రాక్ చివర ఉండే రబ్బరు తొడుగు) క్లిప్ ముందే వదులు చేయకపోతే బూట్ మెలి తిరిగి చిరుగుతుంది. చెక్‌నట్ (టై రాడ్ కదలకుండా పట్టే నట్టు) బిగించాక మళ్లీ కొలవండి, బిగింపులోనే కొలత మారిపోతుంది. నాలుగైదు వందల కిలోమీటర్ల తర్వాత టైరును అడ్డంగా అరచేత్తో నిమిరి చూడండి: బయటినుంచి లోపలికి నున్నగా, లోపలినుంచి బయటికి గరుకుగా తగిలితే టో-ఇన్ ఎక్కువైనట్టు.