ఇంట్లో పిల్లలకు కల్లు: రుచి చూపడమా, దూరం ఉంచడమా?

తెలంగాణ పల్లెల్లో దసరానాడు పెద్దల మధ్య కూర్చున్న పిల్లవాడికి ఈతకల్లు ఒక గుక్క పోయడం కొన్ని ఇళ్లలో తప్పుగా తోచదు. కళ్లముందే తాగితే దొంగచాటుగా తాగడని, మితం అలవడుతుందని ఆ తల్లిదండ్రుల నమ్మకం. అందులో ప్రేమ ఉంది కానీ ఆధారం లేదు. ఆస్ట్రేలియాలో 1,900 మందికి పైగా కౌమారులను ఆరేళ్లు గమనించి 2018లో వెలువరించిన అధ్యయనంలో, తల్లిదండ్రులే మద్యం ఇచ్చిన పిల్లలకు దానివల్ల ఏ రక్షణా దక్కలేదని, పైగా వారు మరుసటి ఏడాది ఇతరుల నుంచి మద్యం సంపాదించుకునే అవకాశం పెరిగిందని తేలింది. అదీగాక, దుకాణాల కల్లులో అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు కలిపిన కేసులు ఇక్కడ ఎన్నో బయటపడ్డాయి కనుక, పిల్లవాడి గ్లాసులో ఏముందో కన్నతల్లికైనా తెలియదు.

అసలు ముట్టనివ్వకపోవడంలోనూ చిక్కు లేకపోలేదు: తండ్రి రోజూ తాగుతూ కొడుకును మాత్రం గదమాయిస్తే ఆ మాట నిలవదు. అయినా నేను ఈ పక్షాన్నే గట్టిగా కోరుకుంటాను. ఇరవై ఏళ్లు దాటాక కూడా మెదడు ఎదుగుతూనే ఉంటుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ ప్రకారం, వైద్యుడు చెబితే తప్ప 18 ఏళ్లలోపు వారికి మత్తు పానీయం ఇవ్వడం ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష పడదగిన నేరం. ఇచ్చింది కన్నవారైనా అందులో మినహాయింపు లేదు.