కనుమ దారికి ఫోర్ బై ఫోర్ అద్దెకు తీసుకుంటున్నారా? ఫోర్ ఎల్ వేసి చూడకుండా డబ్బు కట్టకండి

ఐదు వేల మీటర్ల ఎత్తున్న కనుమ దాటాలని నేనూ మా అన్నయ్యా ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి అద్దెకు తీసుకున్నాం. తాళాలు ఇచ్చేటప్పుడు ఫోర్ ఎల్ (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిరిగే లో గేరు) ఒకసారి వేసి చూస్తానన్నాను. "తారు రోడ్డు మీద వెయ్యకూడదు సార్, గేర్లు పాడవుతాయి" అన్నాడు బండి ఇచ్చినాయన. ఆ మాట నిజమే. ఇలాంటి బండ్లలో అది వేస్తే ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకే వేగానికి బిగుసుకుంటాయి, గట్టి నేల మీద మలుపు తిప్పితే ఆ భారమంతా గేర్ల మీద పడుతుంది. నిజం కాబట్టే నమ్మేశాను. పక్కనే కంకర నేల ఉంది, అక్కడ చూద్దాం పదండి అనాల్సింది. అనలేదు.

పైన అంతా వదులు కంకర, కరిగిన మంచు నీళ్లు. ఫోర్ ఎల్ నాబ్ తిప్పితే డాష్‌బోర్డు మీద లైటు మిణుకుమంటూనే ఉంది, అంటే గేరు పడలేదు. బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి మళ్లీ తిప్పాం. అదే తంతు. అక్కడే వెనక్కి తిరగాల్సింది. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదాంట్లో సగం కంటే కొంచెమే ఎక్కువ. మాది టర్బో (గాలిని ఒత్తి ఇంజనులోకి పంపే పరికరం) లేని ఇంజను, బలం దాదాపు సగం పోయింది. టైర్ల కింద రాళ్లు వేసుకుంటూ ఎలాగో ఎక్కాం.

అసలు భయం దిగేటప్పుడు. లో గేరు పడితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు మీద అప్పుడప్పుడు కాలు వేస్తే చాలు. మాకు ఆ ఆసరా లేదు. సగం దారిలో కాలిన వాసన మొదలైంది, పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోతోంది. హ్యాండ్ బ్రేకు లాగి ఎలాగో ఆపాను. అన్నయ్య దూకి చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాడు. బ్రేకులు చల్లారేదాకా గంటకు పైగా అక్కడే కూర్చున్నాం. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

కిందికొచ్చాక మెకానిక్ బండి కిందికి దూరి చూశాడు. ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచే గేర్ల పెట్టె) మోటారుకు వెళ్లే వైరు ఊడదీసి, టేపు చుట్టి పక్కకు కట్టేసి ఉంది. అంటే వాళ్లకు ముందే తెలుసు! అడిగితే "దాటి వచ్చారు కదా" అన్నారు. పైగా బ్రేకు ప్యాడ్ల ఖర్చు మా డిపాజిట్‌లోంచే పట్టుకున్నారు.

కంకర మీదో మట్టి మీదో బండి పూర్తిగా ఆపి, న్యూట్రల్‌లో పెట్టి ఫోర్ ఎల్ వెయ్యండి. లైటు మిణకడం మాని నిలకడగా వెలగాలి. మొదటి గేరులో ఇంజను గట్టిగా మోగుతున్నా బండి మనిషి నడిచినంత నెమ్మదిగానే పోవాలి. అదంతా వీడియో తీసుకోండి. చూడనివ్వకపోతే ఆ బండి వదిలేయండి. స్టెప్నీ సైజు మిగతా నాలుగు టైర్లతో సరిపోయిందో లేదో కూడా చూడండి, మాది సరిపోలేదు.