నాలుగేళ్లు వాయించిన సెకండ్‌హ్యాండ్ యుకులేలే: కొనేటప్పుడు చూసినవి, చూడనివి

యుకులేలే అంటే గిటార్‌లాంటి నాలుగు తీగల చిన్న వాయిద్యం. నాది అందులో కాన్సర్ట్ అనే మధ్య సైజు. నా చేతికొచ్చేసరికే ఇంకొకరి చేతిలో బాగా నలిగింది. కొనే రోజు పది నిమిషాలు అటూ ఇటూ తిప్పి చూశాను. అందులో ఎనిమిది నిమిషాలు గీతలు లెక్కపెట్టడానికే పోయాయి. ఈ నాలుగేళ్లలో ఆ గీతల వల్ల నాకు ఒక్క రోజు కూడా ఇబ్బంది కలగలేదు. ఇబ్బంది పెట్టింది నేను అసలు చూడని నట్.

తీగలు తల దగ్గర ఆనుకునే ఆ చిన్న ముక్కలో తీగలు కూర్చునే గాడులు తగినంత లోతుగా లేకపోతే తీగ ఎత్తుగా ఉంటుంది. మొదటి ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర నొక్కేసరికి సాగి శ్రుతి పైకి పోతుంది. జి, సి, ఇ, ఎ తీగలు నాలుగూ ఖాళీగా మీటితే, శ్రుతి సరిగ్గా ఉందని ట్యూనర్ పచ్చగా వెలిగేది. ఎఫ్ కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి మోగించే పట్టు) పట్టగానే ఏదో పుల్లగా వినిపించేది. తప్పు నా వేళ్లదే అనుకుని ఏడు నెలలు సాధన చేశాను, పిచ్చిమొహాన్ని. రిపేర్ చేసే ఆయన గాడులను సన్నని ఆకురాయితో కాస్త లోతు చేశాక ఎఫ్ దారికొచ్చింది. మరీ లోతు చేస్తే ఖాళీ తీగ ఫ్రెట్‌కి తగిలి గరగరలాడుతుంది కాబట్టి సొంతంగా ప్రయోగాలు వద్దు. కొనేముందు ఇ తీగను మొదటి ఫ్రెట్‌లో మామూలు బలంతో నొక్కి మీటండి. ట్యూనర్‌లో సరిగ్గా ఎఫ్ చూపించాలి. మిగతా మూడు తీగలూ అలాగే నొక్కితే, ఖాళీ స్వరం కన్నా సరిగ్గా అర మెట్టు పైది రావాలి.

12వ ఫ్రెట్ దగ్గర కూడా చూడాలి. ఖాళీ తీగ స్వరమే పై స్థాయిలో రావాలి. నా దాంట్లో ఎ తీగ కొంచెం ఎక్కువ పలికింది, నాకు టెన్షన్ పట్టుకుంది. తీరా చూస్తే సగం తప్పు పాత తీగలది. తీగ అడుగున గోరుతో తడిమితే ఫ్రెట్లు కోసిన గుంటలు తగిలాయి. కొత్తవి వేశాక తేడా చాలావరకు తగ్గింది. అయితే కొత్త నైలాన్ తీగలు కొన్నాళ్లు సాగుతూనే ఉంటాయి. అమ్మేవాళ్లు నిన్ననే తీగలు మార్చి ఉంటే, శ్రుతి జారుతోందని తీగలు బిగించే కీలను తిట్టకండి.

బేరంలో అమ్మేవాడు “మొత్తం సాలిడ్ చెక్కే” అన్నాడు, అంటే పొరలు అతికించినది కాదని. సౌండ్‌హోల్ (పెట్టె మీది గుండ్రటి రంధ్రం) అంచున పొరలు పొరలుగా ప్లైవుడ్ స్పష్టంగా కనిపిస్తోంది. నేను ఆ మాట ఎత్తలేదు, ధర మాత్రం తగ్గించమన్నాను. నాద గాంభీర్యం తక్కువే, మోగింది త్వరగా ఆగిపోతుంది. కానీ ఎండాకాలాలు గడిచినా ఎక్కడా పగుల్లేదు. సాలిడ్ చెక్క అయితే పొడి గాలికి ఇంత నిశ్చింతగా వదిలేసేదాన్ని కాదు.

రాజీ పడకూడనివి మెడ, బ్రిడ్జ్ (తీగల రెండో కొస కట్టే, పెట్టె మీద అతికించిన ముక్క). గిటార్లలో మామూలుగా మెడ లోపల ఉండే ట్రస్ రాడ్ అనే కడ్డీ చాలా యుకులేలేల్లో ఉండదు. మెడ వంగితే తిప్పి సరిచేయడానికి ఏమీ లేదన్నమాట. తల వైపు నుంచి ఒక కన్ను మూసి చూడండి. మెడ పెట్టెకి అతికే చోట సన్నని గీత ఉన్నా అనుమానించండి. ఎవరైనా స్టీలు తీగలు బిగించి ఉంటే ఇక చూడక్కర్లేదు, నైలాన్ తీగల కోసం చేసిన పెట్టె ఆ లాగుడికి తట్టుకోదు.

బ్రిడ్జ్ వెనక ఒక సన్న కాగితం దూర్చి చూడాలి, లోపలికి దూరితే అతుకు లేచినట్టే. నాది కొన్నప్పుడు గట్టిగానే ఉంది. మూడో ఏడాది మధ్యాహ్నం ఎండలో కారులో వదిలేశాను. జిగురు మెత్తబడి వెనక అంచు లేచింది. ఆ తప్పు పూర్తిగా నాదే. మళ్లీ అతికించాక ఇప్పటిదాకా కదల్లేదు.

ఇప్పుడు కాన్సర్ట్ కన్నా పెద్ద సైజైన టెనర్ ఒకటి చూస్తున్నాను. పోయిన వారం ఒకటి చేతికిచ్చారు, అద్దంలా మెరుస్తోంది. కాగితం బ్రిడ్జ్ కిందికి సగం దాకా దూరిపోయింది. థాంక్స్ చెప్పి వచ్చేశాను.