ప్రోస్టేట్ రేడియేషన్: స్పేసర్ పెట్టించాలా, వద్దా?

ప్రోస్టేట్‌కు ఆనుకునే మలాశయం ఉంటుంది, సందు కొన్ని మిల్లీమీటర్లే. స్పేసర్ అంటే రేడియేషన్‌కు ముందు ఆ సందులో నింపే జెల్; అది సందును సుమారు సెంటీమీటరుకు పెంచుతుంది. క్యాన్సర్ తగ్గడానికి అది మందు కాదు, మలాశయానికి రక్షణ మాత్రమే.

శ్రమ
స్పేసర్‌తో: వృషణాల సంచికీ మలద్వారానికీ మధ్య చర్మం గుండా, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితో సుమారు 10 మి.లీ. జెల్ ఎక్కిస్తారు. పెగ్ (పాలిఇథిలిన్ గ్లైకాల్) అనే రకం జెల్ దాదాపు మూడు నెలలు నిలిచి, ఆ తర్వాత ఒంట్లోనే కరిగిపోతుంది.
లేకుండా: సూది బాధ లేదు. రోజూ మలాశయం ఖాళీగా, మూత్రాశయం నిండుగా ఉంచుకోవాలి. స్పేసర్ ఉన్నా ఇది తప్పదు.

లాభం
అమెరికాలో 222 మందిపై జరిగిన పరీక్షలో, మూడేళ్లకు గ్రేడ్ 2 (మధ్యస్థం) లేదా అంతకు మించిన మలాశయ ఇబ్బంది స్పేసర్ లేనివాళ్లలో 5.7 శాతం, ఉన్నవాళ్లలో సున్నా. అంటే స్పేసర్ లేకున్నా నూటికి 94 మందికి ఆ స్థాయి ఇబ్బంది రాలేదు. డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఈ రెండో లెక్క కూడా గుర్తుంచుకోండి.

రిస్క్
స్పేసర్‌తో: జెల్ మలాశయం గోడలోకి వెళ్తే పుండు, అరుదుగా ఫిస్టులా (మలాశయానికీ పక్క అవయవానికీ మధ్య ఏర్పడే రంధ్రం). పెగ్ జెల్‌ను వెనక్కి తీయలేరు; హయలురోనిక్ యాసిడ్ రకాన్ని ఎంజైమ్‌తో కరిగించవచ్చు. అందుకే చేసే డాక్టరు అనుభవం అడగాలి.
లేకుండా: తర్వాత మలంలో రక్తం పడే అవకాశం కొంచెం ఎక్కువ.

ఖర్చు
స్పేసర్‌కు అదనం. బీమా ఇస్తుందో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఎవరికి ఏది?
ఐదు విడతల్లో పెద్ద మోతాదుల రేడియేషన్ తీసుకునేవారికీ, రేడియేషన్ ప్లాన్‌లో మలాశయానికి పడే మోతాదు హద్దు దాటుతున్నవారికీ స్పేసర్ మేలు. గడ్డ ప్రోస్టేట్ వెనక వైపు దాటి పాకితే వద్దు: జెల్ క్యాన్సర్ కణాలను రేడియేషన్‌కు దూరంగా నెట్టవచ్చు. ఇన్ఫెక్షన్ ఉన్నా, రక్తం పలచబరిచే మందు ఆపలేకపోయినా వద్దు. ప్లాన్‌లో మోతాదులు హద్దులోనే ఉంటే, రోజువారీ స్కాన్‌తో మంచి రేడియేషన్ చాలు.